సాగే గొట్టమా, సాగనిదా?

పాత గొట్టం చిరిగింది, వాక్యూమ్ క్లీనర్‌కి ఈసారి సాగేది కొనాలా, మామూలుదా అని అడిగారు కదండీ. మీది వెనకాలే లాక్కుంటూ తిరిగే మెషీన్ అన్నారు కాబట్టి సాగనిదే తీసుకోండి.

సాగేదానితో చిక్కేమిటంటే, మోటారు ఆన్ చేయగానే లోపల గాలి ఒత్తిడి తగ్గి అది స్ప్రింగులా ముడుచుకుపోతుంది. మూతి కార్పెట్‌కి అతుక్కుందా, ఇంకా గట్టిగా లాగుతుంది. కాసేపటికే చెయ్యి పీకుతుంది. నాకైతే ఓసారి మెషీనే వచ్చి కాలికి తగిలింది! పైగా లోపలి ముడతల వల్ల గాలి జోరు కొంత తగ్గుతుంది.

కారు లోపల వాడటానికో, చిన్న చోట సర్దుకోవడానికో అయితే సాగేదే నయం.

ఏది కొన్నా ముందు గొట్టం బిగించే చోట కొలత తీసుకోండి. 32, 35 మిల్లీమీటర్లవి చూపుకి ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని చోట ఇంకోటి సరిగ్గా కూర్చోదు.