ఏపీ యూఎస్ హిస్టరీయా, డ్యూయల్ క్రెడిటా?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి టెన్త్ గ్రేడ్. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) వరల్డ్ హిస్టరీలో 'ఏ' వస్తోంది. వచ్చే ఏడాది ఏపీ యూఎస్ హిస్టరీ తీసుకుంటానంటోంది. మా ఫ్రెండ్స్ పిల్లలంతా వేసవిలో ఆన్‌లైన్‌లో డ్యూయల్ క్రెడిట్ (స్కూలుకీ కాలేజీకీ రెండింటికీ లెక్కకొచ్చే కోర్సు) చేసేస్తున్నారు. ఎలాగూ కంప్యూటర్ సైన్సే కదా, హిస్టరీలో 'బి' వచ్చి క్లాసు ర్యాంక్ పడిపోతే ఎలా అని టెన్షన్. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నాం, స్టేట్ యూనివర్సిటీ ఫీజులే కట్టగలం. ఏది సేఫ్?

జవాబు: కోర్సులు ఎంచుకునే రోజులొస్తే ఈ ప్రశ్న నాకు తప్పకుండా వస్తుంది. ఇంత రాశారు గానీ, అమ్మాయి అది ఎందుకు తీసుకుంటానంటోందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా?

ముందు ఫీజుల సంగతి. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ డిగ్రీ ఏదైనా, కంప్యూటర్ సైన్స్ అయినా సరే, అమెరికా చరిత్ర 6 క్రెడిట్ గంటలు చట్టప్రకారం చేయాల్సిందే. డ్యూయల్ క్రెడిట్‌లో రెండు సెమిస్టర్లూ పాసైతే అవి వచ్చేస్తాయి, యూనివర్సిటీలో వాటికి మళ్లీ ఫీజు కట్టక్కర్లేదు. ఏపీలో అయితే యూనివర్సిటీ అడిగిన స్కోరు తెచ్చుకోవాలి. ఆ లెక్కన డ్యూయల్ క్రెడిట్‌దే పైచేయి, కాదనను.

నా అనుమానమంతా ఆ వేసవి కోర్సు మీదే. ఒక సెమిస్టర్ చదువు అయిదు వారాల్లో అయిపోవాలి. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి అలా రెండింటిలోనూ 'ఏ' తెచ్చుకున్నాడు. సెప్టెంబర్‌లో, అంతర్యుద్ధం తర్వాత విడుదలైన బానిసల బతుకు ఏమైందని అడిగాను. కాసేపు ఆలోచించి, "అది చివరి మాడ్యూల్‌లో ఉందండీ" అన్నాడు. అంతకుమించి ఏమీ గుర్తులేదు. పైగా ఆ గ్రేడ్ కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. రేపు మనసు మారి మెడిసిన్‌కి అప్లై చేస్తే, పదహారేళ్లప్పుడు హడావిడిగా తెచ్చుకున్న 'సి' కూడా లెక్కలోకి వస్తుంది. సేఫ్ అన్నవాళ్లు మీకు ఈ మాట చెప్పారా?

అసలు మీ భయం ర్యాంక్ గురించి కాదనిపిస్తోంది. లెక్కలైతే పక్కన కూర్చుని చెప్పగలరు. మనకి సోషల్ అంటే ప్రశ్న జవాబు బట్టీ, మ్యాప్ పాయింటింగ్. ఏపీ హిస్టరీలోలా ఏడు చారిత్రక పత్రాలు ముందేసుకుని వాదన రాయమంటే అమ్మాయికి ఎలా సాయపడాలో తెలియక, ఆ సబ్జెక్టునే తప్పిద్దామనుకుంటున్నారు. అది అమ్మాయికి చేసే అన్యాయం. వరల్డ్‌లో 'ఏ' తెచ్చిన పిల్ల ఆ రాత ఇప్పటికే నేర్చేసుకుంది. రెండు కోర్సుల్లోనూ రాత పద్ధతి ఒకటే.

మీరున్న క్యూ కూడా ఆ చరిత్రలోదే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థిండ్ పౌరసత్వం అడిగితే, ఆయన తెల్లవాడు కాడని 1923లో సుప్రీంకోర్టు కుదరదంది. 1946లో భారతీయులకు తలుపు తీశారు, ఏడాదికి 100 మందికి. దేశాలవారీ పాత కోటాలు 1965 చట్టంతో పోయాయి. ఇప్పుడు మిమ్మల్ని ఆపుతున్నది ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ 7 శాతం మించకూడదన్న నిబంధన. దీని గురించి అమ్మాయితో మాట్లాడటానికి మీకంటే అర్హులెవరు?

లెవెన్త్‌లో ఇప్పటికే క్యాలిక్యులస్, ఫిజిక్స్, ఇంగ్లిష్ ఏపీలు పెట్టుకుని ఉంటే మాత్రం డ్యూయల్ క్రెడిట్‌కి సరేనంటాను. అదైనా స్కూలు సంవత్సరంలో, నిదానంగా, వేసవిలో వద్దు. ర్యాంక్ లెక్కలో రెండింటికీ వెయిటేజీ ఎంతన్నది మీ స్కూల్ డిస్ట్రిక్ట్ కోర్సు గైడ్‌లో చూడండి. లేదంటే ఏపీ తీసుకోనివ్వండి. ఒక్క 'బి' వస్తే కొంపలేం మునగవు.

ఫారం మీద సంతకం పెట్టేముందు, ఈ ఏడాది తను రాసిన వ్యాసం ఒకటి అడిగి తీసుకుని చివరిదాకా చదవండి. తప్పులు దిద్దకండి.