సినిమా పాటలు కాకుండా, పెద్దగా పేరు రాని మంచి సంగీతం ఈ మధ్య ఏం విన్నారు? రాక్, ర్యాప్ ఏ రకమైనా పర్వాలేదు.

రాక్, ర్యాప్ ఏ రకమైనా పర్వాలేదన్నారు కాబట్టి నేను మళ్లీ మళ్లీ వింటున్నవి చెప్తాను. మాది అనంతపురం.

మొదట గాడ్‌లెస్. హైదరాబాద్ డెత్ మెటల్ బ్యాండ్, అంటే గరగరలాడే గొంతుతో అరుస్తూ పాడే బరువైన రాక్. 2021లో వచ్చిన వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' ఆల్బం ఒక ఫ్రెండ్ వినమంటే రెండు నిమిషాలకే ఆపేశాను. అంత అరుపేంటో అనిపించింది. ఆ తర్వాత కళ్యాణదుర్గం దగ్గర మా అవ్వ వాళ్ల ఊరి జాతరలో ఉరుములు అనే డోళ్లు వాయించేవాళ్ల పక్కనే నిలబడే అవకాశం వచ్చింది. ఉరుముకు ఒకవైపు పుల్లతో కొడుతూ, రెండోవైపు తోలు మీద వంకర పుల్లను గట్టిగా రుద్దుతారు. లోపల్నుంచి మూలుగు లాంటి శబ్దం లేస్తుంది. చెవికన్నా ముందు కడుపులో తెలుస్తుంది. ఇంటికొచ్చి గాడ్‌లెస్ మళ్లీ పెడితే, ఆ గొంతులోనూ అదే మూలుగు వినబడింది. మీరు కూడా మాటల కోసం వెతక్కుండా, గొంతును ఇంకో వాయిద్యం అనుకుని వినండి.

రెండోది నాకు అన్నిటికన్నా ఇష్టం: ఎమ్‌డూ మొక్తార్. ఆఫ్రికాలోని నైజర్ దేశపు గిటారిస్టు, సహారా ఎడారిలో ఉండే తువారెగ్ జాతివాడు. మొదటి గిటార్‌ను సైకిల్ బ్రేకు తీగలతో సొంతంగా చేసుకున్నాడు. ఆ ఎడారి ఊళ్లలో పాటలు ఫోన్ నుంచి ఫోన్‌కి, మెమరీ కార్డుల్లో తిరిగేవట. సెల్ షాపులో కార్డు ఇచ్చి పాటలు ఎక్కించుకుని పెరిగిన నాకు ఆ మాట చదవగానే అతను మావాడే అనిపించాడు. 2024లో వచ్చిన 'ఫ్యునరల్ ఫర్ జస్టిస్' కోపంతో మండుతుంది. అంతకుముందు 2023 జులైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగినప్పుడు బ్యాండ్ అమెరికా టూర్లో ఉండి, ఇంటికి పోలేక చిక్కుకుపోయింది. అప్పటికే రికార్డు చేసి ఉన్న ఆ పాటలనే అప్పుడు నెమ్మదిగా, అకౌస్టిక్‌గా, అంటే ఎలక్ట్రిక్ గిటార్ల హోరు లేకుండా మళ్లీ రికార్డు చేశారు. అది 2025లో 'టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్' పేరుతో వచ్చింది. ఒకే పాటను రెండు ఆల్బముల్లోనూ వెంటవెంటనే వినండి. భాష తెలియకపోయినా రెండోసారి నాకు కళ్లు తడిశాయి.

ర్యాప్‌లో కాశ్మీర్ కుర్రాడు అహ్మర్, 2019 ఆల్బం 'లిటిల్ కిడ్, బిగ్ డ్రీమ్స్'. భయం మధ్య పెరగడం ఎలా ఉంటుందో గొంతు పెంచకుండా చెప్తాడు. ఎలక్ట్రానిక్ సంగీతం కావాలంటే లిఫాఫా అనే ఢిల్లీ కళాకారుడు, అదే ఏడాది వచ్చిన 'జాగో'. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వినడానికి బాగుంటుంది.

ఇవన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఉరుములు మాత్రం ఫోన్ స్పీకర్లో వినకండి, ఆ మూలుగు అందులో పలకదు. మా జిల్లాలో జాతర జరిగేటప్పుడు వచ్చి, వాయించేవాళ్ల పక్కనే నిలబడండి.