45 మైళ్ళ దగ్గర స్టీరింగ్ ఊగుడు: ముందు ట్రాక్ బార్ చూడండి

మీ జీప్ జేకే రాంగ్లర్‌కి రెండున్నర అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) వేయించాక గంటకు 45 మైళ్ళ దగ్గర గతుకు తగిలితే స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకుంటోందని, స్టీరింగ్ కుదుపును అణచే డాంపర్ మార్చినా పోలేదని రాశారు. పోదు. డాంపర్ ఊపును కాసేపు అణచగలదు, అంతే. అసలు వదులు ఇంకెక్కడో ఉంది.

బండి చక్రాల మీదే ఉండాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్ చేసి, ఒకరిని స్టీరింగ్ కొద్దికొద్దిగా కుడి ఎడమలకు చకచకా తిప్పమనండి. మీరు ట్రాక్ బార్ (ముందు యాక్సిల్ పక్కకు జరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే కడ్డీ) రెండు చివరలూ గమనించండి. బార్ గానీ బోల్టు గానీ బ్రాకెట్‌లో ఏమాత్రం జరిగినా దొంగ దొరికినట్టే. లిఫ్ట్ వేసేటప్పుడు ఈ బోల్టు విప్పుతారు. సరిగ్గా బిగించకపోతే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది. అప్పుడు ఎంత బిగించినా దండగే, బ్రాకెట్‌ను వెల్డింగ్‌తో బాగు చేయించాలి. రంధ్రం గుండ్రంగానే ఉంటే టార్క్ రెంచ్‌తో 125 ఫుట్-పౌండ్లకు బిగించండి. బండిని పైకి లేపి మాత్రం బిగించొద్దు, కిందికి దించగానే బార్ చివరలోని రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరుగుతుంది.

అక్కడ తేడా లేకపోతే అదే పద్ధతిలో టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ), డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీ) చివరలు చూడండి. తర్వాత జాకీ ఎత్తి టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే చక్రం కుడి ఎడమలకు తిరిగే కీళ్ళైన బాల్ జాయింట్ల సంగతి, హబ్ బేరింగ్ సంగతి తేలుతుంది.

లిఫ్ట్‌తో కేస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) కూడా తగ్గుతుంది. అలైన్‌మెంట్ కాగితంలో 4 డిగ్రీల కంటే బాగా తక్కువుంటే యాక్సిల్‌ను ఫ్రేముకు కలిపే లోయర్ కంట్రోల్ ఆర్మ్‌లు పొడవైనవి వేయించండి. టైర్ల బ్యాలెన్సింగ్ ఎలాగూ తప్పదు.

ఈలోగా దారిలో ఊగుడు మొదలైతే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, నెమ్మదిగా వేగం తగ్గించండి.