నీ కథలో ఒక మాట గురించి

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. గనిలో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకు పనిలో చేరడం, మొదటి రోజు లాంప్ తీసుకునేటప్పుడు వాడి చెయ్యి వణకడం నాకింకా కళ్లముందే ఉన్నాయి. కానీ వాణ్ని ‘ప్రత్యామ్నాయ కార్మికుడు’ అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. కొత్తగూడెంలో గానీ మందమర్రిలో గానీ ఈ మాట ఎవరి నోట విన్నావు? సింగరేణిలో వాడు ‘బదిలీ వర్కర్’. ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అచ్చులో బాగుండదని భయపడ్డావేమో.

గుంటూరులో ఏ రెవెన్యూ ఉద్యోగో చదివి, వీణ్ని ఎక్కడికి బదిలీ చేశారో అనుకుంటాడు. అనుకోనీ. ఎవడో నాగా పెడితే ఆ చోట దిగడానికి కుర్రాడు ఎదురుచూసే దృశ్యం నువ్వే రాశావు కదా, అర్థం దానంతటదే తెలుస్తుంది. మస్టర్లు, అంటే లెక్క ప్రకారం హాజరు రోజులు, నిండేదాకా వాడి బతుకు ఇంకొకడి గైర్హాజరు మీద ఆధారపడి ఉంటుంది. ఇంట్లో తండ్రికి బదులు, కాగితం మీద బదిలీ. నీ కథంతా ఆ మాటలోనే ఉంటే దాన్ని నీ చేత్తోనే కొట్టేశావు.

అరబ్బీ ‘బదల్’ మనదగ్గరికొచ్చి ఎంత సంసారం పెట్టిందో చూడు. చేబదులు అడుగుతాం, పిలిస్తే బదులు పలుకుతాం, వాడి బదులు వీణ్ని పంపుతాం.

ఒకరి చోట ఇంకొకరిని నిలబెట్టే మాటలన్నీ ఒకటే అనుకోకు. ఎవరు నిలబెట్టారు, ఎంతవరకు చెయ్యి ఆడుతుంది అన్నది మాటమాటకీ మారుతుంది. ‘గుమాస్తా’ అంటే పారశీకంలో నియమితుడు. ఈస్టిండియా కంపెనీ తరఫున నేతగాళ్ల మీద పెత్తనం చేసినవాడు, ఇప్పుడు కొట్లో లెక్కలు రాసుకుంటున్నాడు. ‘నాయబ్’ అంటే పైవాడి బదులు ఉండేవాడు. ‘నవాబు’ దాని బహువచనం నుంచి వచ్చిందే. ఆ బదులు మనిషి పేరే ఇవాళ దర్జాకి గుర్తయింది. ఇక ఆఫీసు కథ రాస్తే ‘ఇన్‌ఛార్జి’ని అలాగే ఉంచు. సంతకం పెడతాడు గానీ కుర్చీలో వెనక్కి ఆనుకోడు, ఆ ఇబ్బంది ఇంకే మాటలోనూ రాదు.

‘ప్రతినిధి’ నాకిష్టమైన మాట, కాబట్టి కాస్త ఓపిక పట్టు. ఇప్పుడది ఎమ్మెల్యేలకీ విలేకరులకీ పోయింది గానీ, వైదిక కర్మల గురించి తర్కించే మీమాంసకులు దాని మీద పెద్ద చర్చే చేశారు. యజ్ఞానికి వరి దొరక్కపోతే నివ్వరి అనే అడవి వరి వాడొచ్చు, సోమలత లేకపోతే పూతీక అనే మొక్క. దేవతకీ మంత్రానికీ మాత్రం ప్రతినిధి లేదన్నారు. మన ఇళ్లలో పూజ చూడు, పట్టుబట్ట లేకపోతే ‘వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి’ అని నాలుగు గింజలు వేస్తాం. ఏ దేవుడూ అలిగినట్టు వినలేదు.

మూడో పేజీలో ఆ మాట మార్చి పంపు. తల్లి మాట జోలికి మాత్రం పోకు. ‘మీ నాయిన జాగల పోతున్నవు బిడ్డా, పైలం’ అని ఆమె సద్ది కడుతుంది కదా, అది అలాగే ఉండనీ.

మీ అన్నయ్య