అమెరికా క్యాంపులో అంట్లు తోముతున్నానని అమ్మకెలా చెప్పను?

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై ఏళ్లు. మాది రాజమండ్రి. హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ జె-1 వీసా (విద్యార్థులు సెలవుల్లో పని చేసుకోవడానికీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ వీసా) మీద ఈ వేసవికి అమెరికా వచ్చాను. పెన్సిల్వేనియాలో యూదుల పిల్లల సమ్మర్ క్యాంపు. పని కిచెన్‌లో. రోజంతా అంట్లు, ట్రేలు, నేల తుడవడం. ఇంట్లో మాత్రం పిల్లలకు డ్యాన్స్ నేర్పుతున్నానని చెప్పాను. అమ్మ బంధువులందరికీ చెప్పేసుకుంది. బీఫ్ ట్రేలు కడుగుతుంటే కడుపులో తిప్పుతుంది. మొన్న చీజ్ గిన్నె తప్పు సింకులో వేశానని అందరి ముందూ అరిచారు. నా రంగు చూసే అలా అన్నారనిపించింది. న్యూజెర్సీలో ఉన్న పెద్దమ్మ కొడుకు ‘వచ్చెయ్, ఇక్కడ స్టోర్‌లో క్యాష్‌కి పని ఇప్పిస్తా’ అంటున్నాడు. వెళ్లిపోనా?

జవాబు: ముందు అన్నయ్య మాట తేల్చేద్దాం. వెళ్లొద్దు. వచ్చెయ్ అనడం తేలికే, చిక్కుల్లో పడేది నువ్వు. నీకు డీఎస్-2019, అంటే జె-1 ప్రోగ్రామ్ అర్హత పత్రం, ఇచ్చిన స్పాన్సర్ సంస్థ ఒప్పుకున్న చోటే నువ్వు పని చేయాలి. చెప్పకుండా వెళ్లిపోతే ప్రోగ్రామ్ రద్దవుతుంది, ఆ సంగతి సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు అమెరికా ప్రభుత్వం ఉంచే కంప్యూటర్ వ్యవస్థ) రికార్డుకెక్కుతుంది. రేపు ఎమ్మెస్ కోసం కాన్సులేట్‌లో నిలబడ్డప్పుడు దానికి జవాబు చెప్పుకోవాలి. పైగా క్యాష్ పనిలో జీతం ఎగ్గొడితే ఎవరితో మొరపెట్టుకుంటావు? నిజంగా అక్కడ ఉండలేకపోతే వేరే చోటికి మార్చమని స్పాన్సర్‌నే అడుగు. వాళ్లు కొత్త చోటు చూసి సరేనన్నాకే కదలాలి. నెలకోసారి నీ బాగోగులు కనుక్కోవడం వాళ్ల బాధ్యత. అందుకు వాళ్లు పంపే మెయిల్‌కి ‘ఆల్ ఫైన్’ అని కొట్టేసి ఊరుకుంటున్నావేమో, నాకైతే అనుమానంగానే ఉంది.

ఇక గిన్నె సంగతి. యూదుల క్యాంపు వంటిళ్లు చాలావరకు కోషర్ అనే వాళ్ల మత ఆహార నియమంతో నడుస్తాయి. మాంసం గిన్నెలు వేరు, పాలు, చీజ్ గిన్నెలు వేరు. కత్తులు, స్పాంజీలు, సింకులు కూడా అంతే. అవి కలిస్తే గిన్నెను మరుగు నీళ్లలో ముంచో, కాల్చో శుద్ధి చేయాల్సి రావచ్చు. పింగాణీ అయితే మామూలుగా శుద్ధికే పనికిరాదంటారు. ఇవన్నీ కనిపెట్టుకుని ఉండటానికే మష్గియాఖ్ అని ఒక మనిషి ఉంటాడు. మీ అమ్మమ్మ మడి కట్టుకుని వండుతుంటే నువ్వు బడి బట్టలతో వెళ్లి చారు గిన్నె ముట్టుకున్నావనుకో, కేకలెయ్యదూ? అందరి ముందూ అరవడం తప్పే, మొదటి రోజే నీకు ఈ తేడా చెప్పకపోవడం ఇంకా తప్పు. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి అందులో రంగు గొడవ నాకు కనిపించలేదు. ఎప్పుడైనా రంగునో దేశాన్నో ఎత్తి మాట్లాడినా, అదే పొరపాటు చేసిన ఇంకొకరిని వదిలేసి నిన్నే తిట్టినా ఊరుకోకు. తేదీ, అన్న మాట రాసిపెట్టుకుని స్పాన్సర్‌కి చెప్పు.

బీఫ్ విషయంలో ఈ కోషరే నీకు కలిసొస్తుంది. పంది మాంసం గడప తొక్కని, ఆకుకూరలో పురుగుందేమోనని ఆకు ఆకూ చూసే వంటిల్లది. తిండికి మతనియమం ఉంటుందని వాళ్లకు నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు. వడ్డన హడావిడి అయ్యాక చెఫ్ దగ్గరికి వెళ్లి, ‘నేను హిందువును, బీఫ్ ముట్టుకోవడం కష్టంగా ఉంది. పాల వైపు గానీ సలాడ్లకు గానీ వేయండి, బదులుగా వేరే పని చేస్తాను’ అని అడుగు. అడగకుండా ముఖం ముడుచుకుని కడిగితే వాళ్లకెలా తెలుస్తుంది?

ఉత్తరమంతా చదివాక నాకు ఎక్కువ దిగులనిపించింది ఆ డ్యాన్స్ మాటకే. రోజంతా నీళ్లలో నాని పగిలిన చేతులు కెమెరాకు కనపడకుండా దాచుకుని, లేని క్లాసుల కబుర్లు అల్లుతున్నావు. కష్టం చెప్పుకోవడానికి అమ్మ లేకుండా చేసుకున్నావు కాబట్టే అన్నయ్య మాట అంత తీయగా వినిపిస్తోంది. నీకు రాత్రి పదంటే రాజమండ్రిలో ఉదయం ఏడున్నర, క్యారేజీల హడావిడి. నీ సెలవు రోజు పొద్దున్నే చెయ్యి, అక్కడ మధ్యాహ్నం అవుతుంది, అమ్మ తీరిగ్గా ఉంటుంది. ‘నాకిచ్చింది కిచెన్ పనమ్మా. బాధపడతావని చెప్పలేదు’ అంటే చాలు. రెండు సింకులూ చూపించు, మడి ఎరిగిన మనిషైతే తనే ఆపకుండా ప్రశ్నలేస్తుంది. కాసేపు కోప్పడుతుంది, పడనీ. చుట్టాలకు ఏం చెప్పాలో ఆవిడ చూసుకుంటుంది. నాన్నగారికి మాత్రం పెద్ద హోటళ్లలో స్టీవార్డింగ్ అని ఒక విభాగమే ఉంటుందని, గిన్నెలు, శుభ్రత అంతా దాని పనేనని చెప్పు. నీ సిలబస్‌లోనే ఉండాలి.

డబ్బు గురించీ ఒక మాట. నీలా జె-1 మీద వేసవికి వచ్చిన విద్యార్థుల జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, వైద్య బీమా పన్నులు) కోయకూడదు. పే స్లిప్ తీసి చూడు, కోస్తుంటే ఆఫీసులో అడుగు. ఫెడరల్ పన్ను ఎక్కువ పట్టుకుని ఉంటే వచ్చే ఏప్రిల్ 15లోగా 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను వేసి తిరిగి తెచ్చుకోవచ్చు. పాస్‌పోర్టు నీ దగ్గరే పెట్టుకో.

అన్నయ్యను చూడాలనుంటే క్యాంపు అయ్యాక వెళ్లు. డీఎస్-2019లో ఉన్న ఆఖరి తేదీ దాటాక 30 రోజులు అక్కడ తిరగొచ్చు, పని మాత్రం చేయకూడదు. తిరుగు టికెట్ ఆ లోపలే ఉందో లేదో ఇవాళే చూసుకో.