కారెక్కితే దగ్గు: తప్పు కుక్కలదా, తుడిచిన మందులదా?

ప్రశ్న: మాది తిరుపతి. తరచూ మా రెండు కుక్కలను కారులో చిత్తూరు దగ్గరి మామిడితోటకు తీసుకెళతాను. తలుపుల లోపలి ప్లాస్టిక్ మీద, డాష్‌బోర్డు మీద చొంగ, బురద, వెంట్రుకలు అంటుకుని నల్లబారాయి. పోయిన ఆదివారం ఎండగా ఉందని అద్దాలు మూసి, ఏసీ వేసుకుని బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తుడిచాను. మరకలు పోలేదని బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా కలిపాను. కాసేపటికే కళ్లు మండాయి, దగ్గు ఆగలేదు. చేతులు ఎర్రబడి పగిలాయి. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి ముందు నుంచీ ఈ కారులో కూర్చుంటే తుమ్ములు, పిల్లికూతలు వస్తాయి. కుక్కలను ఎవరికైనా ఇచ్చేయమంటారా?
- ఒక పాఠకుడు

జవాబు: మీ దగ్గుకూ మీ కుక్కలకూ సంబంధం లేదు. బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది కంటి తడిలో, గొంతు తడిలో కరిగి ఆమ్లంగా మారి అక్కడి పొరలను కాలుస్తుంది. మూసిన కారులో అది బయటికి పోయే దారే లేదు. దయచేసి ఈ రెండింటినీ ఇంకెప్పుడూ కలపకండి, ఇంట్లోవాళ్లకూ చెప్పండి. అమోనియా ఉన్న అద్దాల ద్రావణాన్ని బ్లీచింగ్‌తో కలిపినా విషవాయువే వస్తుంది.

క్లోరిన్ పీల్చినవారిలో కొందరికి కొన్ని గంటలు ఆగి ఆయాసం ఎక్కువవుతుంది. మరికొందరికి ఒక్కసారి గాఢంగా పీల్చినందుకే ఉబ్బసం మొదలవుతుంది. కాబట్టి ఇప్పటికీ దగ్గు, ఛాతీ బిగుతు, మెట్లెక్కితే ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా రుయాలోనో స్విమ్స్‌లోనో ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించుకోండి. ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్షతో శ్వాసనాళాలు ఎంత బిగుసుకున్నాయో తెలుస్తుంది. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నీలబడినా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

అమ్మాయి సంగతి వేరు. ఆ లక్షణాలు మీరు యాసిడ్ వాడకముందు నుంచే ఉన్నాయి కాబట్టి అలర్జీని అనుమానించాలి. కుక్క అలర్జీకి కారణం వెంట్రుక కాదు. కుక్క చొంగలో, మూత్రంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఆ చొంగ ఆరి పొడిగా రాలుతుంది, గరుకు ప్లాస్టిక్ సందుల్లోనూ సీట్లలోనూ దిగబడుతుంది. అందుకే కుక్క కారులో లేని రోజున కూడా పాపకు తుమ్ములు రావచ్చు. పొట్టి వెంట్రుకల జాతి అయితే ఇబ్బంది ఉండదన్న మాటను నమ్మకండి.

అయినా కుక్కలను పంపేయాలన్న నిర్ణయం ఇప్పుడే వద్దు. ఇలాంటి లక్షణాలు ధూళి పురుగుల వల్లా, ఏసీ దారుల్లో పట్టిన బూజు వల్లా కూడా వస్తాయి. చర్మం మీద చుక్క వేసి చేసే అలర్జీ పరీక్షో, రక్తపరీక్షో చేయిస్తే అసలు కారణం తెలుస్తుంది. ఉబ్బసమని తేలి డాక్టరు ఇన్‌హేలర్ రాస్తే భయపడకండి. అలవాటు పడిపోతుందన్న అపోహతో మానేసి, పిల్లలను తీవ్రమైన ఆయాసంతో ఆసుపత్రికి తెచ్చే తల్లిదండ్రులను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక కారు శుభ్రం చేసే పద్ధతి. నీడలో నిలిపి, ఇంజిన్ ఆపి, నాలుగు తలుపులూ తెరవండి. పాప ఆ దగ్గర ఉండకూడదు. పొడిగుడ్డతో దులిపితే ఆ పొట్టంతా గాలిలోకి లేస్తుంది, సన్నని కణాలు చాలాసేపు తేలుతూనే ఉంటాయి. అందువల్ల వెంట్రుకలను, ఎండిన మట్టిని వాక్యూమ్‌తో లాగేసి, మిగిలినదంతా తడిగుడ్డతోనే తీయండి. అరబకెట్టు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా చాలు. గడ్డకట్టిన చొంగ మీద తడిగుడ్డ కొన్ని నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో సందుల్లో రుద్దండి. తరువాత మంచినీళ్లలో పిండిన గుడ్డతో సబ్బు పోయేదాకా తుడవాలి, లేకపోతే మిగిలినదాన్ని కుక్కలు నాకుతాయి. స్విచ్చుల దగ్గర గుడ్డను బాగా పిండి వాడండి. సువాసన స్ప్రేలు, మెరుపు పాలిష్‌లు మీ ఇంటికి వద్దే వద్దు. మాస్కు ఉందన్న ధైర్యంతో వాటిని వాడకండి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది, రసాయన ఆవిరిని ఆపదు. ఏసీ క్యాబిన్ ఫిల్టర్ కూడా మార్పించండి. కుక్కల కింద, తలుపుల వైపున ఉతకదగిన దుప్పటి కడితే ప్లాస్టిక్ వరకు మురికి చేరడం తగ్గుతుంది.

చేతులకు కొన్నాళ్లు నీళ్లు, సబ్బు తక్కువ తగలనివ్వండి. వాసన లేని మాయిశ్చరైజరో, పెట్రోలియం జెల్లీయో రోజుకు నాలుగైదుసార్లు రాయండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మిశ్రమ క్రీములు తెచ్చుకోకండి. వారంలో తగ్గకపోయినా, చీము పట్టినా చర్మవైద్యుడిని కలవండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆ రోజు వాడిన ప్యాకెట్, సీసాల మీది వివరాలను ఫోనులో ఫోటో తీసి చూపించండి.