బైపాస్ తర్వాత టీ3 తగ్గితే థైరాయిడ్ జబ్బు వచ్చినట్టేనా?

అమలాపురం నుంచి మీరు అడిగింది: నాన్నగారికి బైపాస్ అయిన నాలుగో రోజు టీ3 (శరీరం వాడుకునే చురుకైన థైరాయిడ్ హార్మోన్) తక్కువ వచ్చింది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌తో పని చేయించే హార్మోన్) మామూలుగానే ఉంది, ఇక జీవితాంతం మాత్రలేనా అని.

టెన్షన్ పడకండి. చాలావరకు ఇది థైరాయిడ్ గ్రంథి జబ్బు కాదు. గ్రంథి ఎక్కువగా తయారుచేసేది టీ4 అనే హార్మోన్. దాన్ని చురుకైన టీ3గా మార్చేది కాలేయం లాంటి అవయవాలు. పెద్ద ఆపరేషన్, హార్ట్-లంగ్ మిషన్ ఒత్తిడికి ఆ మార్పిడి మందగిస్తుంది, కొంత టీ4 పనిచేయని రివర్స్ టీ3 అయిపోతుంది. ధవళేశ్వరంలో నీళ్లున్నా కాలువ షట్టర్లు దించితే చేలకు తక్కువ అందుతుంది కదా, అలాగన్నమాట.

కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో సాధారణంగా సర్దుకుంటుంది. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కాస్త పెరగొచ్చు. అది చూసి కంగారుగా మాత్ర మొదలుపెట్టకుండా, కనీసం 6 వారాలు ఆగి మళ్లీ పరీక్ష చేయించడం మంచిది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. గుండె లయ తప్పిందని అమియోడరోన్ ఇచ్చారేమో డిశ్చార్జ్ కాగితంలో చూడండి. 200 మిల్లీగ్రాముల మాత్రలో సుమారు 75 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. అది థైరాయిడ్ పనితీరును నిజంగానే పెంచగలదు, తగ్గించగలదు. అలాగని మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుగారిని అడగండి. ముందు నుంచీ థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) వాడుతుంటే అదీ మీ అంతట మీరు ఆపొద్దు.